నుదుటి గట్టు

మా మేనల్లుడికి వచ్చిన మంచి సంబంధం ఒకటి నుదురు దగ్గర ఆగిపోయింది. వాడి నుదురు కాదు, అమ్మాయి నుదురూ కాదు. క్లింగన్‌ల నుదురు.

పెళ్లిచూపులు సీతమ్మధారలో. జాతకాలు కలిశాయి, జీతాలు కలిశాయి, గోత్రాలు కలవకూడదు కాబట్టి కలవలేదు. కాస్త మాట్లాడుకోండర్రా అని ఇద్దర్నీ బాల్కనీలోకి పంపాం. పది నిమిషాలన్నది గంటన్నర అయింది. లోపల పెద్దవాళ్లం ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నాం కూడా. తీరా ఇద్దరూ కందగడ్డల్లాంటి మొహాలతో బయటికొచ్చారు. "మావయ్యా, వీళ్లు వైరస్ వాళ్లు" అన్నాడు వాడు నా చెవిలో. అమ్మాయి నాన్నగారికి ఆ మాట సగమే వినబడి, జేబులో మాస్కు కోసం వెతుక్కున్నారు. ఈలోగా అమ్మాయి గట్టిగానే చెప్పేసింది: "నాన్నా, ఈయన 1996 ఎపిసోడ్‌ని ఒప్పుకోరట."

విషయం తెలియని అదృష్టవంతుల కోసం నాలుగు మాటలు. స్టార్ ట్రెక్ అనే సీరియల్ అమెరికా టీవీలో 1966లో మొదలైంది. మరుసటి ఏడాది అందులోకి క్లింగన్‌లనే గ్రహాంతర యోధులు దిగారు. మొహానికి రంగు, గుబురు కనుబొమలు, కాస్త గడ్డం. నుదురు మాత్రం మన పక్కింటాయన నుదురంత నున్నగా ఉండేది. 1979లో సినిమా తీశారు. అందులో అదే క్లింగన్‌లకి వెన్నెముక నెత్తిమీదకి పాకినట్టు నుదుటి మధ్యన ఇంత ఎత్తు గట్టు! ఎందుకొచ్చింది, ఎలా వచ్చిందని ఒక్క ముక్క చెప్పలేదు. అది మొదలు ప్రపంచం రెండుగా చీలింది. వైజాగ్ కొంచెం ఆలస్యంగా చీలింది.

మావాడిది గట్టు సంప్రదాయం. క్లింగన్‌కి గట్టు పుట్టుకతోనే ఉంది, పాత సీరియల్లో కనబడకపోతే అది చూపించినవాళ్ల లోపం అంటాడు. దానికి వాడి ప్రమాణం 1994 నాటి ఎపిసోడ్. 1960ల్లో నున్నటి నుదుళ్లతో తిరిగిన ముగ్గురు క్లింగన్‌లు, అవే పాత్రలు, అవే నటులు, అందులో ముసలివాళ్లై గట్లతో వచ్చారు. ముసలితనంలో మోకాళ్ల నొప్పులొస్తాయి గానీ గట్లొస్తాయా అని వాడి ప్రశ్న. నాకూ సబబుగానే తోచింది. అయితే 1996లో ఇంకో ఎపిసోడ్ వచ్చింది. కొత్తకాలపు మనుషులు పాతకాలంలోకి వెళ్తారు, నున్నటి నుదురు క్లింగన్‌లని కళ్లారా చూస్తారు, తమతో ఉన్న వోర్ఫ్ అనే గట్టు క్లింగన్‌ని ఇదేమిటయ్యా అని అడుగుతారు. "బయటివాళ్లతో మేం ఆ విషయం మాట్లాడం" అంటాడతను. ఆస్తి పంపకాల గురించి అడిగితే మా పెదనాన్న అనేవాడు, సరిగ్గా అలాగే. అంటే తేడా ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు కదా అని అమ్మాయి పాయింటు. ఆపైన 2005లో రెండు భాగాల కథ వేసి, జన్యువులతో ప్రయోగం వికటించి వైరస్ అంటుకుందని, దాంతో గట్లు కరిగిపోయాయని సెలవిచ్చారు. వైరస్ సంప్రదాయానికి అదే వేదం. బాల్కనీలో మావాడు చిత్తుగా ఓడిపోయాడని నాకు తర్వాత అర్థమైంది.

ఇదంతా పనిలేని గోలని కొట్టిపారేసేవాళ్లు ఈ నేల చరిత్ర చదవలేదన్నమాట. గ్రాంథికమా వ్యావహారికమా అని వందేళ్ల కిందట తెలుగుదేశమంతా జుట్లు పట్టుకుంటే, ఆ మంట రగిలించిన గిడుగు రామమూర్తి గారు ఈ ఉత్తరాంధ్ర మనిషే. అరసున్న కోసం, బండి ర కోసం స్నేహాలు తెంచుకున్న జాతికి నుదుటి గట్టు ఒక లెక్కా? గిడుగువారు సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. మార్క్ ఒక్రాండ్ అనే భాషావేత్త 1985లో క్లింగన్ భాషకి నిఘంటువు వేశాడు. ఒకరు ఎవరూ పట్టించుకోని మనుషుల భాషకి, ఒకరు అసలు లేని మనుషుల భాషకి. అన్నట్టు ఆ భాషలో నమస్కారానికి మాట లేదు. మనిషి ఎదురుపడితే "నుక్‌నెహ్" అంటారు, ఏం కావాలి అని అర్థం. జగదాంబ జంక్షన్‌లో ఆటో దగ్గరికెళ్తే "ఏటి?" అంటారు చూడండి, అంత మర్యాద.

సంబంధం చెడ్డాక మావాడు నన్ను వాళ్ల ఆదివారం సభకి తీసుకెళ్లాడు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా, గట్టు మీదే (ఇది సిమెంటు గట్టు), తలో ముంత మసాలా పొట్లంతో కూర్చుంటారు. ఒక డెంటిస్టు, ఒక షిప్‌యార్డు ఫిట్టరు, మావాడు, ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు. వెనకాల ఉన్న ఆ సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఇప్పటికీ అదే నుదురుతో ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నేను వెళ్లిన రోజు నుదురు కాకుండా రక్తం నడుస్తోంది. అదే సీరియల్లో స్పాక్ అనే ఇంకో పాత్ర ఉంది. స్పాక్‌ది రాగి రక్తం, అందుకే ఆకుపచ్చ. ఇక్కడ డెంటిస్టుకి అభ్యంతరం. రొయ్యలకీ పీతలకీ ఉండేది రాగి రక్తమే, హీమోసయనిన్ అంటారు, దానికి ఆక్సిజన్ తగిలితే నీలం అవుతుంది, కాబట్టి స్పాక్ నీలంగా ఉండాలి అన్నాడు. ఫిట్టరు ఊరుకోలేదు. "రాగి చెంబు నెల్లాళ్లు తోమకుండా ఒదిలేస్తే ఏ రంగు వస్తాది? చిలుము పట్టి ఆకుపచ్చే కదా! స్పాక్‌ది తోమని రక్తం." సైన్సు ఎటున్నా, న్యాయం ఫిట్టరు వైపే ఉందనిపించింది నాకు.

తేల్చుకుందామని మరుసటి ఆదివారం తెల్లారి ఐదింటికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాం. పీతని కోసి రక్తం చూపించమని అడిగితే పీతలమ్మే ఆవిడ మమ్మల్ని కిందనుంచి మీదదాకా చూసింది. "ఏటి బాబూ, పీత కావాలా, పీత రగతం కావాలా? తూసీమంటే తూసేత్తాను. రంగులు మీ ఇంటికాడ సూసుకోండి." రెండు కిలోలు కొనక తప్పలేదు. కోస్తే నీళ్లలాగే ఉంది. పట్టిపట్టి చూస్తే కాస్త నీలం. డెంటిస్టు గెలిచానన్నాడు, ఫిట్టరు ఆ పీత తోముకున్న పీతన్నాడు. మా చెల్లెలు పులుసు పెట్టింది. అది ఎర్రగా ఉంది.

ఆ సాయంత్రమే సభకి కొత్త మనిషి వచ్చారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, రోజూ అటే వాకింగ్. కాసేపు నిలబడి విని, కర్ర పక్కన పెట్టి కూర్చున్నారు. మొత్తం వివరాలు కాలక్రమంలో చెప్పించుకున్నారు. 2017 సీరియల్లో క్లింగన్‌లు నున్నటి గుండ్లతో వచ్చారనీ, 2019కల్లా మళ్లీ జుట్టు మొలిచిందనీ చెప్తే కళ్లు మూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "1967 నాటిది మూలం. 1979 నాటిది పాఠాంతరం. 2005 నాటిది వ్యాఖ్యానం. ఆ గుండ్లు మాత్రం ప్రక్షిప్తం, తీసెయ్యండి."

అందరూ లేచి నిలబడ్డారు. ఇంజనీరింగ్ కుర్రాడొకడు పాదాలకి దణ్ణం పెట్టబోతే మాస్టారు పొట్లంలో చెయ్యి పెట్టి వేరుశనగపప్పులు ఏరుకున్నారు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "మాస్టారూ, నాకొకటి తోస్తోంది. అప్పట్లో టీవీ వాళ్ల దగ్గర అన్ని నుదుళ్లకి మేకప్ చేయించే డబ్బుల్లేవు. సినిమాకొచ్చేసరికి ఉన్నాయి. అంతేనేమో" అన్నాను.

అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. కాసేపటికి మావాడే, వేలువిడిచిన మావయ్యతో మాట్లాడినట్టు మాట్లాడాడు: "అది బయటి కారణం మావయ్యా. కథకి బయటున్న కారణం కారణం కాదు." మాస్టారు కూడా జాలిగా చూశారు. నిజమే అనుకున్నాను. గ్రహాలు దాటి వచ్చిన యోధులు, రెండు కాలేయాలు, ఎనిమిది గదుల గుండె ఉన్నవాళ్లు, వాళ్ల నుదురు ప్రొడ్యూసరు పర్సుని బట్టి మారిందంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది? వచ్చే నెల అద్దె ఆలస్యమైతే మా ఓనర్‌గారికి ఈ మాటే చెప్పి చూడాలి. డబ్బుల్లేవన్నది బయటి కారణమండీ.

మొన్న అమ్మాయి నాన్నగారు ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు. సంబంధం వద్దనుకున్న దగ్గర్నుంచీ పిల్లలిద్దరూ రోజూ రాత్రి పదింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఫోన్లో తిట్టుకుంటున్నారట. వద్దనుకున్నాక ఫోన్లెందుకమ్మా అంటే, వాదన ఇంకా తెగలేదు నాన్నా అంటోందట. "మరి నన్నేం చెయ్యమంటారండీ? ముహూర్తం చూడమంటారా?" అన్నారాయన.

వాణ్ణే అడిగాను. సిగ్గుపడతాడేమో అనుకున్నా. వాడు చాలాసేపు ఆలోచించి, "వాళ్లు వైరస్‌ని ఒదులుకోరు మావయ్యా, నేను గట్టు ఒదులుకోను. కానీ గుండ్లు ప్రక్షిప్తమన్న దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం" అన్నాడు. ఆ మాట మీద ముహూర్తం పెట్టించాం.

ఆదివారం సభలో శుభలేఖలు పంచాం. మాస్టారు కళ్లజోడు సవరించుకుని కార్డంతా చదివారు. మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగారు: "ఒక సందేహం నాయనా. ఆ గట్టున్న నుదుటికి బాసికం ఎలా కడతారు? అడ్డంగానా, నిలువుగానా?"

ముహూర్తానికి ఇంకా పదకొండు రోజులుంది. ఆ రాత్రి ఫోను రెండున్నర దాకా పెట్టలేదట.