పదమూడేళ్ల పిల్లాడు అమ్మ పక్కన ఉండకూడదంట

ఇప్పుడే నెల్లూరు వేదాయపాళెం నుంచి వచ్చా. అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగడం లేదు. నాకు తెలిసిన ఒక అక్కకి (పేరు, పని ఇక్కడ రాయను) అద్దె గది చూడటానికి పోయాం. పొద్దున ఫోన్‌లో సరేనన్న ఇంటావిడ, మమ్మల్ని చూడగానే "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అంది. అక్క అబద్ధం చెప్పలేదు. కొడుతుంటే పిల్లల్ని తీసుకుని బయటికొచ్చేశానంది. అంతే. "రేపు ఆయనొచ్చి గేటు ముందు గొడవ చేస్తే వీధిలో మా పరువేం కావాల?" అని, తీసుకున్న రెండు వేల అడ్వాన్స్ అరుగు మీద పెట్టేసింది. చేతికి కూడా ఇవ్వలేదు.

కొట్టినోడు ఇంట్లో ఫ్యాన్ కింద పడుకుంటున్నాడు. 2005 గృహ హింస చట్టంలో ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకీ ఉంది, ఇల్లు ఎవరి పేరు మీదున్నా సరే. కేసు 60 రోజుల్లో తేల్చడానికి చూడాలనీ రాశారు. అన్నాళ్లూ ఆమె ఎక్కడ పడుకోవాలి? దెబ్బలు తిన్న ఆడోళ్ల కోసం సర్కారు పెట్టిన వన్ స్టాప్ సెంటర్‌లో ఉండనిచ్చేది 5 రోజులు. చేతి మీద కమిలిన మచ్చ కూడా ఐదు రోజుల్లో పోదు.

మొన్న ఒక ఆడోళ్ల హోంకి కూడా పోయాం. కూతురు ఉండొచ్చంట, పదమూడేళ్ల కొడుకు ఉండకూడదంట, వాణ్ణి వేరే పిల్లల హోంలో చేర్చాలంట. ఇట్లాంటి హోంల కోసం కేంద్రం పెట్టిన స్వధార్ గృహ్ పథకం నిబంధనల్లో మగపిల్లలకి 8 ఏళ్లే హద్దు పెట్టారు. ఆ పథకం ఇప్పుడు శక్తి సదన్ అయింది, మా వాడికి మాత్రం తలుపు తెరుచుకోలేదు. ఆ రాత్రి తండ్రికి అడ్డం పడింది వాడే. ముంజేతి మీద బెల్టు బకిల్ గుర్తు ఇంకా ఉంది. ఆ ఆఫీసులో వాడు స్కూల్ బ్యాగు జిప్పు లాగుతూ, తీస్తూ కూర్చున్నాడు. కాసేపటికి "నేను బస్టాండ్‌లో పడుకుంటాలేమ్మా, మీరిద్దరూ ఉండండి" అన్నాడు.

ఇట్లాంటోళ్ల కోసం ఇల్లు కట్టేవాళ్లు హాల్లో వరసగా మంచాలేయడం ఇకనైనా ఆపాలి. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, దానికి లోపల గడియ. అక్క ఇప్పటికీ రాత్రి మూడుసార్లు లేచి గడియ తడిమి చూసుకుంటుంది. బయట బోర్డు వద్దు. ఆటో స్టాండ్‌లో అందరికీ తెలిసిన అడ్రస్ మొగుడికి తెలియడానికి ఎంతసేపు? మూలన చిన్న స్టవ్ ఉండాలి, ఆ పిల్లలు అమ్మ చేతి చారన్నం తిని ఎన్నాళ్లయిందో. బడి నడిచిపోయే దూరంలో ఉండాలి. స్థలం చవకని ఊరికి పది కిలోమీటర్ల అవతల కడితే పని పోతుంది, జీతం పోతే ఆమె మళ్లీ ఆ కొట్టేవాడి ఇంటికే పోతుంది.

మా పిన్ని అట్లానే మొగుడింటికి తిరిగిపోయింది. చంకలో బిడ్డతో కందుకూరు నుంచి అమ్మమ్మ ఇంటికొస్తే, మూడో రోజు పసుపు కుంకుమ, చీర పెట్టి బస్సెక్కించారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బస్సు కదిలేటప్పుడు పిన్ని మా వైపు చూడలేదు, ఒళ్లో ఉన్న చీర వైపే చూస్తా ఉంది. అమ్మమ్మంటే నాకు ప్రాణం. కానీ ఆ రోజుని మాత్రం ఈనాటికీ క్షమించలేదు.

మన జిల్లాలోని దూబగుంట ఊరి ఆడోళ్లు 1992లో సారా దుకాణాలు మూయించారు. తాగొచ్చి కొట్టే మొగుళ్లతో పడలేకే కదా! 1993లో సారా నిషేధం తెచ్చారు. అట్లాంటి జిల్లాలో ఈ రోజు ఒక తల్లీ పిల్లలూ కలిసి పడుకునే గది దొరకలేదు.

వాళ్లు ఈ రాత్రి ఎక్కడున్నారో ఇక్కడ చెప్పను. నాలుగు వేల లోపు గది ఎవరికైనా తెలిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పదమూడేళ్ల కొడుకు కూడా ఉంటాడు, ముందే చెప్తున్నా.