వడియాల పంచె

మంట ఇంకా పూర్తిగా తగ్గలేదు. కొబ్బరినూనె రాసుకుని, కుర్చీ అంచు మీద కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మొన్న శనివారం మా పెద్దమ్మ వాళ్లు చీపురుపల్లి నుంచి భోజనానికి వస్తామన్నారు. మా ఆవిడ ఆమదాలవలసలో పుట్టింట్లో ఉంది. నేనే కిలో బియ్యం పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికాక ఫోన్ వచ్చింది, రావడం లేదని. కారణం కూడా చెప్పారు గానీ నాకు ఎక్కలేదు, నా కళ్లు గిన్నె మీదే ఉన్నాయి. ఆ రాత్రి పెరుగన్నం, పొద్దున్న ఉల్లిపాయతో చద్దన్నం, మధ్యాహ్నం పులిహోర, రాత్రికి మళ్లీ అదే పులిహోర. సోమవారం ఫ్రిజ్ తీస్తే ఇంకా సగం గిన్నె నా వైపే చూస్తోంది.

పారేయడం మా వంశంలో లేదు. మా నాయనమ్మ గంజిని కూడా పారబోసేది కాదు, కుండలో పోసి తరవాణి పెట్టేది. ఆవిడ మనవణ్ని, అన్నం పారేస్తానా? వడియాలు పెట్టేద్దామనుకున్నాను. ఆఫీసుకి సెలవు కూడా పెట్టాను. ఒకరోజు జీతం ఎంతో, సగం గిన్నె అన్నం ఖరీదెంతో లెక్క వేయలేదు. దయచేసి మీరూ వేయకండి.

ఫ్రిజ్‌లో గురువారం నాటి బీట్‌రూట్ కూర ఉంది. మెత్తబడి, నేడో రేపో అన్నట్టున్న పచ్చిమిర్చి పధ్నాలుగు ఉన్నాయి. డబ్బా అడుగున గుప్పెడు నువ్వులు, జీలకర్ర కూడా కనబడ్డాయి. అన్నీ కలిపి మిక్సీలో వేశాను. ముద్ద మంచి గులాబీ రంగులో వచ్చింది. మా అమ్మకి ఫోన్ చేసి, ప్లాస్టిక్ కవరు మీద పెట్టమంటావా అని అడిగాను.

"పలస్టిక్కేటిరా! ఏడికి కరిగిపోతాది. పాత పంచి ఒకటి తడిపీసి పరిసీ."

బీరువా కింది అరలో తెల్లగా ఒకటి దొరికింది. ముట్టుకుంటే వెన్నలా ఉంది. ఎన్ని ఉతుకులు పడితే ఇంత మెత్తబడాలి, ఇంతకన్నా పాతది ఈ ఇంట్లో ఉండదు అనుకున్నాను. తడిపి, పిండి, డాబా మీదకి పట్టుకెళ్లాను.

డాబా గురించి రెండు ముక్కలు చెప్పాలి. విజయనగరం తోటపాలెంలో మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. మూడు వారాలుగా లిఫ్టు పనిచేయడం లేదు గానీ, లిఫ్టు తలుపు మీద నోటీసు మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది: "డాబాపై అప్పడాలు, వడియాలు, మిరపకాయలు ఎండబెట్టరాదు. జరిమానా 500 రూపాయలు." అదే డాబా మీద సెక్రటరీగారి మామిడి ఒరుగులు దుప్పటంత మేర ఎండుతున్నాయి. ఇదేమిటండీ అని పోయిన వారం ఎవరో అడిగితే, ఒరుగులు లిస్టులో లేవు కదా అన్నాడట. లిస్టు రాసింది ఆయనే.

సరే. ట్యాంకు వెనకాల పంచె పరిచి, వరసకి పన్నెండు చొప్పున ఎనిమిది వరసలు, తొంభై ఆరు వడియాలు పెట్టి, గొడుగు పట్టుకుని కాపలా కూర్చున్నాను. రెండు గంటలు గడిచాయి. పైన పొర కట్టింది, లోపల ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అప్పుడు మెట్ల మీద సెక్రటరీగారి తాళాల గుత్తి చప్పుడు వినబడింది.

ఇక్కడ తెలివైనవాడైతే ఏం చేస్తాడు? 500 కట్టేస్తాడు. లేదా ఒరుగులు చూపించి గొడవ పడతాడు. నేను పంచె రెండు కొసలు పట్టుకుని లేపి, వడియాలు లోపలివైపు ఉండేలా, నిక్కరు మీద లుంగీలా చుట్టేసుకున్నాను.

తొంభై ఆరు పచ్చి వడియాలు ఒకేసారి తొడలకి తగిలితే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. మొదట చల్లగా ఉంది. తడిసిన కప్పలు వరసలు కట్టి ఎక్కుతున్నట్టు ఉంది. అర నిమిషానికి పధ్నాలుగు మిరపకాయలూ మేలుకున్నాయి.

"ఏం మాస్టారూ, ఎండలో నిలబడిపోయారు?"

"డి విటమిన్ కోసమండీ."

"మంచిదే. నాకూ డాక్టరు అదే చెప్పాడు" అంటూ ట్యాంకు నీడలో సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. డి విటమిన్ నీడలో దొరకదని ఆయనకి ఎవరు చెప్పాలి? మోటారు స్టార్టరు ఎందుకు కాలిపోయిందో మొదలుపెట్టాడు. తర్వాత మెయింటెనెన్స్ బాకీలు. నాలుగో అంతస్తు వాళ్లు ఏ నెల నుంచి కట్టలేదో, కట్టమంటే ఏమన్నారో, దానికి ఈయన ఏమన్నాడో, రెండు గొంతుల్లోనూ ఆయనే చెబుతున్నాడు. నేను కాలు కదపడం లేదు. కదిపితే ఒక్కో వడియం మీద ఒక్కో అంగుళం చర్మం కొత్తగా మండుతోంది. పైడితల్లమ్మకి మొక్కుకున్నాను, ఈ మనిషిని కిందికి పంపించు తల్లీ, జాతరలో సిరిమాను మీదకి అరడజను అరటిపళ్లు విసురుతానని. బాకీలు అయిపోయి సంపు కడగడం మొదలయ్యేసరికి మొక్కు రెండు డజన్లకి పెరిగింది.

ఇంతలో డిష్ మీద ఒక కాకి వాలింది. మెడ వంచి నా కాళ్ల వంక చూసింది. పంచె అంచులోంచి 'థప్' మని ఒక వడియం పడింది. కాకి వచ్చి, ఎత్తుకుని, వెళ్లి మరో ఇద్దరిని తీసుకొచ్చింది. మళ్లీ 'థప్'.

సెక్రటరీ మాట ఆపాడు. "ఏంటది మాస్టారూ?"

"కాకులకి అన్నం పెడుతున్నానండీ. అమావాస్య కదా."

"అమావాస్యకి ఇంకా వారం ఉంది."

"మా వైపు ముందే పెడతామండీ."

పితృదేవతలకి పంచెలోంచి అన్నం రాల్చే ఆచారం ఏ వైపు ఉంటుందని ఆయన అడగలేదు. ఆయన చూపు అప్పటికే పంచె మీదకి వెళ్లిపోయింది. నేనూ తల వంచి చూశాను. లోపల వడియాలు నలిగి, బీట్‌రూట్ రసం బయటికి ఊరింది. తెల్లటి బట్ట మీద వరసలు వరసలుగా గులాబీ చుక్కలు, చుట్టూ కొద్దిగా పసుపు అంచు. నిజం చెప్పొద్దూ, బాగుంది.

ఆయన లేచి వచ్చి కొస పట్టుకుని రెండు వేళ్లతో నలిపి చూశాడు. "పొందూరు ఖద్దరు కదా ఇది!"

నా గుండె అక్కడ ఆగింది. ఆయన ఆగలేదు.

"అసలు పొందూరు అంటే ఏమనుకున్నారు మాస్టారూ? పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దానికి సన్నటి పళ్లుంటాయి కదా, చెత్తంతా పోతుంది. ఆ పైన చరఖా మీద వడికి చేత్తో నేస్తారు. గాంధీగారు మెచ్చిన బట్ట. అందుకే ఈ మెత్తదనం. మరి ఈ బుటాలు... జాందానీయా? నేతలోనే వేశారే! చెయ్యికి తగులుతున్నాయి చూడండి, ఎత్తుగా."

ఎత్తుగా తగలక ఏం చేస్తాయి.

పాతదని నేననుకున్నది పోయిన సంక్రాంతికి మావగారు పెట్టిన పంచె. వచ్చే నెల మా బావమరిది పెళ్లికి కట్టుకోవాలని మా ఆవిడ మడత విప్పకుండా కలరా ఉండలు వేసి దాచింది. ఆ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పింది కూడా. చేప పళ్లతో దువ్వి, నెలల తరబడి వడికి, నేసి, మావగారు పొందూరు వెళ్లి బేరమాడి కొన్న బట్టలో నేను బీట్‌రూట్ కూర చుట్టుకుని నిలబడ్డాను.

"ఎంత పడింది?"

"మావగారు పెట్టారండీ" అన్నాను. గొంతు ఎందుకు వణికిందో ఆయనకి తెలియదు, మావగారంటే అంత భక్తి అనుకుని ఉంటాడు.

ఆయన ఎప్పుడు దిగాడో, నేను మూడో అంతస్తుకి మెట్లు ఎలా దిగానో, బాత్‌రూమ్‌లో పంచె ఎలా ఊడిందో చెప్పను. నాలుగు బకెట్ల నీళ్లు అయ్యాయి. బీట్‌రూట్ రంగు చాలావరకు పోయింది. కూరలోని పసుపు మాత్రం నవ్వుతూ అక్కడే ఉంది. వడియాలు మొత్తం మీద పదకొండు మిగిలాయి, అవీ వేయించాను. బాగున్నాయి, కాస్త సబ్బు వాసన.

సాయంత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొత్త నోటీసు వచ్చింది. డాబాపై కాకులకు మేత వేయరాదు, జరిమానా 500. ఒరుగులు ఈసారీ లిస్టులో లేవు. అయిదు నిమిషాలకి ఆయన నుంచే నాకు విడిగా మెసేజ్ వచ్చింది: "మాస్టారూ, మీ మావగారికి చెప్పి అలాంటివే రెండు తెప్పించండి. అవే చుక్కలుండాలి."

ఏం రాయాలా అని ఆలోచిస్తుండగానే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, బీరువా కింది అరలో నాన్న పెట్టిన పంచె ఉంది. ఒకసారి ఎండలో వేసి తీయండి, కలరా ఉండల వాసన పోతుంది."

"వేశాను" అన్నాను.

"అబ్బో! చెప్పకుండానే వేశారా? అయితే ఇస్త్రీకి ఇచ్చేముందు కాస్త గంజి కూడా పెట్టించండి."

"అదీ అయిపోయింది" అన్నాను.