వెల్లుల్లి బంటు

మా పక్కింటి నారాయణరావు బాబాయి పోస్టాఫీసులో రిటైరై ఏడేళ్లయింది. అప్పట్నుంచీ ఆయనకి చదరంగం పిచ్చి. ఆట కాదు, ఆట చివర నాలుగైదు పావులు మిగిలినప్పుడు వచ్చే చిక్కుముళ్లంటే పిచ్చి. బల్ల పాతది, పావుల్లో సగం మనవలు పోగొట్టేశారు. నల్లబంటు స్థానంలో చింతపిక్క, తెల్లబంటు స్థానంలో వెల్లుల్లి రెబ్బ ఉంటాయి. కోనసీమలో అంతకన్నా సులువుగా దొరికేది కొబ్బరికాయ, కానీ అది గడిలో పట్టదు.

శుక్రవారం పొద్దున్న పేపరు కోసం వెళ్లాను. అరుగు మీద బాబాయి బల్లకేసి చూస్తూ ఉన్నాడు. సత్యవతి పిన్ని చేటతో గుమ్మంలో నిలబడింది.

పిన్ని: ఏవండీ, నిన్న దింపుకి వచ్చినవాడు ఎన్ని కాయలు దింపాడు?

బాబాయి: ఊఁ.

పిన్ని: ఊఁ అంటే ఎన్ని? మూడు చెట్లకి వాడు నూట ఇరవై అన్నాడట, మీరు తలూపారట. ఆ మూడు చెట్లకి అన్నెప్పుడు కాశాయండీ?

బాబాయి: ఉండవే, ఇక్కడ ఓ రాజు ప్రాణం పోతోంది.

పిన్ని: ఇక్కడ ఓ రాణి ప్రాణం పోయి మూడు రోజులైంది. సంత నుంచి వెల్లుల్లి తెమ్మంటే పచ్చిమిరపకాయలు తెచ్చారు. ఉన్న ఆ ఒక్క రెబ్బా ఇక్కడ నిలబెట్టుకున్నారు.

బాబాయి: అది రెబ్బ కాదు, బంటు. ఇంకో రెండు గడులు నడిస్తే మంత్రి అవుతుంది.

పిన్ని: పోపులో పడితే చారవుతుంది.

(నేను పేపరు విప్పాను. ఆ ఇంట్లో పేపరు విప్పితే చదివేందుకు కాదు, మొహం దాచుకునేందుకు.)

బాబాయి: నువ్వు నవ్వుతావు గానీ సత్యవతీ, ఇది 1921లో రిచర్డ్ రేటీ అనే ఆయన కట్టిన చిక్కుముడి. మొత్తం నాలుగే పావులు. తెల్లరాజు ఆ మూల ఉన్నాడు. నల్లబంటు వాడికి అందనంత దూరం పరుగెత్తేసింది. తన బంటేమో ఈ చివర, దాని దగ్గరికీ పోలేడు. చూసినవాడెవడైనా తెల్లవాడు పోయాడంటాడు. అయినా డ్రా చెయ్యొచ్చు!

పిన్ని: ఆ రేటీ గారికీ పనిలేదా?

బాబాయి: ఎవరనుకున్నావు? 1924లో న్యూయార్కులో కాపాబ్లాంకాని ఓడించాడు. ఎనిమిదేళ్లపాటు ఎవరూ ఓడించలేకపోయిన ప్రపంచ ఛాంపియన్ని!

పిన్ని: గుడివాడలో పుట్టిన ఆ హంపి 2002లో గ్రాండ్‌మాస్టరైంది. పదిహేనేళ్లకే. మీకిప్పుడు అరవై ఏడు.

బాబాయి: నేను గ్రాండ్‌మాస్టర్ని అవుతానన్నానా?

పిన్ని: మరెందుకండీ ఈ అవస్థ? డబ్బులిస్తారా? కప్పులిస్తారా? ఏడు పావుల లోపైతే కంప్యూటర్ అన్నీ లెక్క కట్టి పెట్టేసిందని నిన్న మీరే అన్నారు. అడిగితే చెప్పేస్తుందిగా.

బాబాయి: చెప్పేస్తుంది. పనసపొట్టు కూర నువ్వు తింటే ఎలా ఉందో నాకు చెప్పినట్టుంటుంది. కూర ఉంటుంది, రుచి ఉండదు.

(పనసపొట్టు అనగానే పిన్ని మొహం కాస్త మెత్తబడింది. బాబాయి అది గమనించి పీట ముందుకు లాక్కున్నాడు.)

బాబాయి: ఇంకోటి విను. బంటు చివరి గడికి చేరితే ఏం చేస్తారు?

పిన్ని: మంత్రిని చేస్తారు. ఏడేళ్ల నుంచి వింటున్నాను.

బాబాయి: 1895లో గ్లాస్గోలో సావెడ్రా అనే చర్చి ఫాదరుండేవాడు. స్పెయిన్ మనిషి. అక్కడి పేపర్లో ఒక ముడి వేసి, ఇది డ్రా అని తేల్చేశారు. ఎందుకంటే మంత్రిని చేయగానే ఎదుటివాడు తన ఏనుగుని నోటి ముందు పెడతాడు. తింటే వాడి రాజుకి కదలడానికి గడి ఉండదు, ఆట అక్కడితో సమం. ఈ ఫాదర్, మంత్రిని వద్దని ఏనుగుని చేసుకోండి అన్నాడు. గెలిచేసింది!

పిన్ని: మంత్రి పదవిస్తామంటే వద్దన్నాడా? అందుకే 1895 అన్నారు. ఇప్పుడెవరున్నారు అలాంటోళ్లు.

బాబాయి: అదే కదే మజా. మూడు రోజులు తల బద్దలు కొట్టుకుంటాం, ఉన్న దారులన్నీ మూసుకుపోతాయి. అప్పుడు ఎవడూ తలెత్తి చూడని మూల నుంచి ఒక చిన్న ఎత్తు కనబడుతుంది. ఒళ్లు జలదరిస్తుంది. ఇవాళ తెల్లారకట్ల నాకు కనబడింది! మూర్తికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

పిన్ని: ఆ నాలుగున్నరకి చేసిన ఫోనా? పాపం, వాళ్లింట్లో ఎవరో పోయారనుకుని ఉంటారు.

బాబాయి: చూడు. తెల్లరాజు నిలువుగా పరుగెత్తడు, ఐమూలగా దిగుతాడు. చేలో ఐమూలగా పడి వెళ్తే దారి తగ్గుతుందిగా? ఇక్కడ తగ్గదు, పెరగదు. గట్టెంట పోయినా ఐమూలగా పోయినా రాజుకి అడుగులు అన్నే. అందుకని ఒకే నడకలో రెండు పనులు. ఇటు నల్లబంటుని తరుముతున్నట్టు, అటు తన బంటుకి తోడెళ్తున్నట్టు. వెధవ, రెండిళ్ల పెళ్లిపెద్ద లాగా! మనం ఒక ఎత్తు, నల్లబంటు ఒక ఎత్తు. మళ్లీ మనం, మళ్లీ బంటు...

పిన్ని: ఉండండుండండి. మీ వెల్లుల్లి పక్కనే ఉన్నాడే, ఈ నల్లాయన ఎవరు?

బాబాయి: నల్లరాజు.

పిన్ని: పక్క గడే కదా. తినేయచ్చుగా?

బాబాయి: ...

పిన్ని: వెల్లుల్లి పడదా ఆయనకి?

(పేపరు నా చేతిలో ఊగిపోయింది. బాబాయి కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు.)

బాబాయి: తింటే... తింటే అయిపోయింది. తెల్లవాడు పోయినట్టే. అదేమిటి? రేటీ తప్పు రాశాడా? వందేళ్ల నుంచి ఎవరూ చూడలేదా?

పిన్ని: వాడికి మధ్యలో ఒక గడి ఖాళీ ఉండాలా?

బాబాయి: నీకెలా తెలుసు?

పిన్ని: మంగళవారం బల్ల కింద ఊడుస్తుంటే ఆయన గోడవారకి ఉండేవాడు. చీపురు తగిలి పడిపోతే తీసి నిలబెట్టాను. కొంచెం ఇటు పెట్టానేమో.

బాబాయి: కొంచెం కాదే! ఒక గడి! ఈ ఆటలో ఒక గడంటే గోదారికి ఇవతలొడ్డు, అవతలొడ్డు! మూడు రోజులు ఓడిపోయే ఆటని డ్రా చేస్తూ కూర్చున్నానా?

పిన్ని: చేసేశారుగా మరి. మూర్తిగారు మెచ్చుకున్నారట కూడా.

బాబాయి: వాడికి చదరంగమే రాదు!

నల్లరాజుని గోడవారకి జరిపి పెట్టాడు. పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వేలితో గాల్లో లెక్కపెట్టుకుంటూ, "నల్లరాజు రావడానికి ఒక ఎత్తు ఖర్చు. ఆ సందులో మనవాడు నడిమధ్యకి... వాడు తింటే ఇటు తిరిగి బంటుని పట్టు, తినకపోతే అటు తిరిగి మనదానికి కాపు కాయ్..." అని, ఒక్కసారి తొడ మీద చరుచుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్లు జలదరించింది. పిన్ని మాత్రం సంచీ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

పిన్ని: ఒకే నడకలో రెండు పనులన్నారుగా. మరకెళ్లి బియ్యప్పిండి పట్టించండి, దారిలో వెల్లుల్లి తీసుకోండి. ఐమూలగా వెళ్లినా సరే.

గంటన్నరకి వచ్చాడు. పిండి తెచ్చాడు. మర దగ్గర ఎవరికో ఆ ముడి చెబుతూ చెబుతూ వెల్లుల్లి సంగతి మర్చిపోయాడు. పిన్ని ఆశ్చర్యంగా ఒక్క మాటా అనలేదు. నన్నూ భోజనానికి కూర్చోమంది. చారు ఘుమఘుమలాడిపోయింది. బాబాయి రెండోసారి పోయించుకుని, గిన్నె వంచి మరీ తాగాడు. చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వెళ్లాడు.

బాబాయి: సత్యవతీ! తెల్లబంటు ఏదే?

పిన్ని: బావుందని రెండోసారి పోయించుకున్నది మీరే కదండీ.