కొల్లేరు దాకా వెళ్లకపోతే అది కొల్లేరు యాత్ర ఎలా అవుతుంది?

ఇప్పుడే మా సైకిల్ గ్రూపులో మెసేజ్ చూశాను. ఒళ్లు మండిపోతోంది. రేపటిదాకా ఆగితే చల్లారిపోతానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

కొల్లేరును కాపాడుకుందాం అని పేరు పెట్టుకుని వేసవి నుంచి ప్రాక్టీసు చేస్తున్నాం. రూటు వేసింది నేనే. విజయవాడలో బుడమేరు దగ్గర బయల్దేరి ఏలూరు, అక్కడి నుంచి సరస్సు మధ్యలోంచి పెదఎడ్లగాడి వంతెన దాటి కైకలూరు, ఆటపాక. రెండో రోజు ఆకివీడు మీదుగా ఉప్పుటేరు వెంబడి సముద్రం దాకా. నీళ్లు ఏ దారిన పోతున్నాయో మనమూ ఆ దారినే వెళ్లి కళ్లారా చూడాలన్నదే మొత్తం ఆలోచన.

ఈ సాయంత్రం స్పాన్సర్ వాళ్లు కొత్త ప్రోగ్రాం పంపారు. యాత్ర ఏలూరులోనే ముగింపట! అక్కడి నుంచి రోడ్డు బాగోదు, చేపల చెరువుల వాసన, ఫోటోలు సరిగ్గా రావు అని రాశారు. దాని కింద మనవాళ్లు వరసగా బొటనవేళ్లు పెట్టారు. ఒక్కరికైనా అడగాలనిపించలేదా? ఆ వాసన ఎందుకొస్తోందో చూపించడానికే కదా మనం వెళ్తున్నది!

ఇంకా ఉంది. జెండా ఊపడానికి ముఖ్య అతిథి, వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ, దారి పొడవునా ఇంకొన్ని ఫ్లెక్సీలు, మనిషికో ప్లాస్టిక్ బాటిళ్ల కట్ట. సరస్సు కోసం తొక్కుతూ ఆ చెత్తంతా కాలవల్లోకి మనమే పంపిస్తామా? పైగా ఉపన్యాసాలయ్యాక ఎనిమిదింటికి బయల్దేరాలట. సైకిల్ తొక్కే వాడెవడైనా అలా రాస్తాడా? ఐదింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు ఏలూరు దాటొచ్చు. ఎనిమిదింటికైతే హైవే మీద లారీల పక్కన, ఎదురుగాలిలో, మిట్టమధ్యాహ్నం దాకా తొక్కాలి. వడదెబ్బ తగిలితే వేదిక మీది వాళ్లు వస్తారా?

పెదఎడ్లగాడి వంతెన మీద ఒక్కసారి సైకిల్ ఆపి కిందికి చూడండి. వరద రోజుల్లో గుర్రపుడెక్క ఖానాల కింద గుట్టలుగా పేరుకుపోతుంది. దాన్ని తీస్తే తప్ప నీళ్లు కదలవు. కొల్లేరులోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, ఇంకా ఎన్నో కాలవలు వచ్చి పడతాయి. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే. ఈ సంగతి కారు అద్దంలోంచి కనబడదు. కాళ్లు పీకుతూ మెల్లగా వెళ్తుంటే, గట్టు తర్వాత గట్టు, చెరువు తర్వాత చెరువు లెక్క తప్పేదాకా వస్తుంటే అప్పుడర్థమవుతుంది.

నాకు అసలు కోపం ఈ స్పాన్సర్ మీద కూడా కాదేమో. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు మా పిన్ని వాళ్లు సింగ్‌నగర్‌లో మేడ మీద కూర్చుని పాల ప్యాకెట్ కోసం ఎదురుచూశారు. అప్పుడు ప్రతివాడూ అడిగిన ప్రశ్న ఒక్కటే, నీళ్లెందుకు దిగట్లేదని. ఆ నీళ్లు చేరాల్సింది కొల్లేరుకే కదా, అక్కడ వాటికి చోటుందా అని ఎవరైనా చూశారా? నీళ్లు దిగాయి, బురద కడుక్కున్నారు, మరిచిపోయారు. ఇప్పుడు అదే ఊరి నుంచి యాత్ర బయల్దేరి కొల్లేరు ముఖం చూడకుండా వెనక్కి రావాలా?

1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సరస్సులో వెలిసిన చేపల చెరువుల గట్లకు ప్రభుత్వం వాళ్లు గండ్లు కొట్టారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. ఈ కథ నిజంగానే కొల్లేటి చాంతాడు. ప్రతిసారీ నింద పడేది లంక గ్రామాల వాళ్ల మీద. వలేసి బతికే మనిషికీ, వందల ఎకరాలు లీజుకు తీసుకుని ఎక్కడో ఉండే మనిషికీ తేడా తెలియకుండా తీర్పులిచ్చేస్తారు. ఆ ఊళ్లలో ఆగి, ఆ మనుషులతో మాట్లాడితేనే తేడా తెలిసేది. అందుకే రాత్రి మకాం కైకలూరులో పెట్టాను. కొత్త ప్రోగ్రాంలో ముందు కొట్టేసింది దాన్నే.

ఆటపాకలో గూడబాతులకు గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నాటారు. వాటి మీద పుల్లలు పేర్చుకుని పిల్లల్ని పెంచుకుంటున్నాయి. అది చూశాక కూడా ఫోటోలు రావనే వాళ్లతో నాకు మాటల్లేవు.

స్పాన్సర్ వాళ్లకు చెప్పేశాను, మీ బ్యానర్ మీద కొల్లేరు పేరు తీసేయండని. నేను మాత్రం పాత రూటులోనే, తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరతాను. వచ్చేవాళ్లు ఒక స్పేర్ ట్యూబు, పంపు, ముందూ వెనకా లైట్లు, ఇంటి నుంచి స్టీలు సీసాలో నీళ్లు తెచ్చుకోండి. వేగంతో పనిలేదు, ఎవరు వెనకబడ్డా ఆగుతాం. పేరు కామెంట్లో పెట్టండి, కైకలూరులో ఎంతమందికి మకాం చూడాలో నాకు తెలియాలి.