‘పంచాయతీ తీర్మానం ఉంటే చాలు’ అన్న సందేశాన్ని నమ్మి స్టేజీ కట్టకండి

జాతరల కాలం రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. నాటకాల చట్టం రద్దయింది కాబట్టి స్టేజీ ప్రదర్శనకు పోలీసు అనుమతి అక్కర్లేదట. పంచాయతీ తీర్మానం చాలట. పండగైతే రాత్రి 12 దాకా మైకు పెట్టుకోవడం హక్కట. గుడి ఉత్సవానికి పాటల లైసెన్సు ఉండదట. అశ్లీలమని కేసు పడితే అది డాన్సర్ల మీదే తప్ప కమిటీకి అంటదట. అయిదింటిలోనూ కొంత నిజం కలిసి ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. నష్టపోతున్నది మాత్రం అడ్వాన్సు తీసుకుని ఊరు చేరిన కళాకారులు.

చట్టం రద్దు మాట నిజమే. కలకత్తా రంగస్థలం మీద తెల్లదొరలను ఎగతాళి చేసే నాటకాలను అణచడానికి 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం 2018 జనవరిలో రద్దయింది. ఆ చట్టం పేరు చెప్పి ఎవరూ మిమ్మల్ని స్క్రిప్టు అడగలేరు. అయితే రద్దయింది నాటకంలోని విషయాన్ని అదుపు చేసే చట్టం. జనం గుమిగూడడం, శబ్దం, కరెంటు, నిప్పు వేరే చట్టాల కింద ఉన్నాయి, అవి అలాగే ఉన్నాయి. రోడ్ల మీద సభలు, ఊరేగింపులకు 1861 పోలీసు చట్టం 30వ సెక్షను, హైదరాబాదులో 1348 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి నగర పోలీసు చట్టం ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. ఇక పాత చట్టం పోయింది కాబట్టి నాటకాన్ని ప్రభుత్వం ఆపజాలదని అనుకోవడానికీ ఆధారం లేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది, అది హైకోర్టుకు వెళ్లింది.

పంచాయతీ తీర్మానం గురించి చెప్పాల్సింది తక్కువ. అది స్థలానికి ఒప్పుకోలు, అంతే. మైకుకూ జనానికీ అది చెల్లదు.

ఎక్కువ స్టేజీలు ఆగిపోయేది మైకు దగ్గర. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఇవ్వాల్సింది కలెక్టరు, పోలీసు కమిషనరు, లేదా ఈ పనికి నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. ఎస్సై నోటిమాటగా ‘కానివ్వండి’ అంటే అది అనుమతి కాదు, ఆయన బదిలీ అయిన మర్నాడు మీ చేతిలో ఏమీ ఉండదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు నిషేధం. 12 దాకా సడలింపు ఉంది గాని, అది ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకూడదు, ఏ రోజులో రాష్ట్ర ప్రభుత్వం ముందే చెప్పాలి. మీ ఊరి జాతర ఆ జాబితాలో లేకపోతే సడలింపు మీది కాదు. శబ్దానికీ కొలత ఉంది. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ప్రదర్శన స్థలం హద్దు దగ్గర దానికి 10 కలిపి 65 దాటకూడదు, ఎక్కడైనా 75 మించకూడదు. డీజే బాక్సుల ముందు 100 దాటడం మామూలే. ఉల్లంఘనకు పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షను కింద ఇప్పుడు జైలు లేదు గాని, జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంది.

పద్యనాటకం ఆడించే కమిటీలు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. తొమ్మిదింటికి తెర తీసే పాత అలవాటు ఇక నడవదు. మూడు గంటల నాటకానికి ఆరున్నరకే ప్రార్థన మొదలు కావాలి. సన్మానాలు, దాతల పేర్లు చదవడం మధ్యలో పెడితే పదింటికి మైకు కట్టేయాల్సి వస్తుంది, చివరి అంకం పోతుంది. ఆ తప్పు నటులది కాదు.

పాటల విషయంలో కాపీరైటు చట్టం 52వ సెక్షనులో రెండు మినహాయింపులున్నాయి. నిజమైన మత క్రతువులో భాగంగా వేసే పాటకు ఒకటి. ఉచితంగా చూసేవారి ముందు గానీ మత సంస్థ సహాయార్థం గానీ ఔత్సాహిక బృందం ఇచ్చే ప్రదర్శనకు రెండోది. పారితోషికం తీసుకునే ఆర్కెస్ట్రా ఔత్సాహిక బృందం కాదు. అర్ధరాత్రి సినిమా పాటల డాన్సు క్రతువూ కాదు.

అశ్లీలం మాటకు వస్తే, 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 294 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షను ఉంది. బహిరంగ స్థలంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీల చేష్ట చేసినా, అశ్లీలమైన పాట పాడినా మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ‘చికాకు’ అన్న మాట కీలకం. ఫలానా వ్యక్తికి ఇబ్బంది కలిగిందని వాంగ్మూలం లేకుండా పోలీసులే ఫిర్యాదుదారులైన కేసులు కోర్టులో నిలవడం కష్టం. పొట్టి బట్టలు, రెచ్చగొట్టే నృత్యం అన్నంత మాత్రాన అశ్లీలం కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2023లో చెప్పింది. చూసేవారిని శిక్షిస్తామని ఈ సెక్షనులో లేదు. కానీ కమిటీకి అంటదన్నది అబద్ధం. డాన్సు పెట్టించినవారిని ప్రేరేపణ కింద, ఉమ్మడి ఉద్దేశం కింద చేర్చవచ్చు. 18 ఏళ్లు నిండని పిల్లతో అలాంటి డాన్సు చేయిస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు కూడా పడే ప్రమాదం ఉంది. బృందంలో ప్రతి ఒక్కరి వయసు రుజువు ముందే చూడండి, మేనేజరు మాట సరిపోదు.

దరఖాస్తు కనీసం 15 రోజుల ముందు ఇచ్చి, నకలు మీద తేదీతో సహా అందినట్లు స్టాంపు వేయించుకోండి. అందులో ‘సాంస్కృతిక కార్యక్రమాలు’ అని మాత్రమే రాయకండి. ఆ రెండు మాటలు చూసే చాలాచోట్ల బుర్రకథనూ రికార్డింగు డాన్సునూ ఒకే గాటన కట్టి తిరస్కరిస్తున్నారు. ఏ ప్రదర్శన, ఎంతమంది కళాకారులు, మొదలు ముగింపు వేళలు, ఎన్ని బాక్సులు, ఎంతమంది వస్తారు, బయటికి దారులెన్ని అన్నవి విడివిడిగా రాయండి. పందిరి కరెంటు తీగల కింద వద్దు. విద్యుత్తుకు తాత్కాలిక కనెక్షను తీసుకోండి, స్తంభానికి కొక్కేలు తగిలించకండి.

తిరస్కరిస్తే కారణాలు రాతలో అడగండి. ‘గొడవలవుతాయి’ అన్నదొక్కటే కారణమైతే హైకోర్టులో రిట్ (అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషను) వేయవచ్చు. హింస బెదిరింపు ఉందని భావప్రకటనను అణచకూడదని, దాన్ని కాపాడడం ప్రభుత్వ బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో తేల్చింది. రిట్‌కు కావాల్సినవి స్టాంపు పడిన ఆ నకలు, తిరస్కరణ కాగితం. జాతర ముందురోజు దరఖాస్తు ఇచ్చిన కమిటీ దగ్గర ఈ రెండూ ఉండవు.