అలకపాన్పు దిగని ల్యాప్‌టాప్ అల్లుడుగారికి

మహారాజశ్రీ ల్యాప్‌టాప్ అల్లుడుగారికి,

విజయవాడ నుంచి మీ మామగారు రాస్తున్నది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర ఉంటూ ఈ ఉత్తరం ఏమిటని అనుకోవద్దు. నోటితో చెబుదామంటే ఇన్నాళ్ళూ తమరు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఒళ్ళు కాస్త చల్లబడింది కాబట్టి, కడుపులో ఉన్న నాలుగు మాటలూ కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో ఆరిపోదు కదా.

తెలుగింట అల్లుడు అలగడం కొత్తేమీ కాదు. అలకపాన్పు అని ఒక ముచ్చట పెట్టి, పందిట్లోనే మనమే అలిగిస్తాం. కానీ ఆ అల్లుడు తనకేం కావాలో నోరు తెరిచి అడుగుతాడు. వాచీ అంటాడు, బండి అంటాడు, బేరం తెగాక దిగి వస్తాడు. తమకి కట్నం ఇంకా వాయిదాల్లో కడుతూనే ఉన్నాం, తమరేమో ఎందుకు అలిగారో కూడా చెప్పరు.

క్లయింటు తరఫున జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్, నింపుతుంటాను. 20వ తేదీ సాయంత్రం. పక్కన ఎక్సెల్ షీటు, దాని పక్కన ఫోన్లో క్లయింటు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద ముందే కట్టిన పన్ను) అంకె వేసి ట్యాబ్ నొక్కేలోపు తెర నల్లబడుతుంది. షట్ డౌన్ అవుతున్నాననే మాట లేదు, గుండ్రంగా తిరిగే చుక్కలు లేవు. అప్పటిదాకా హోరున మోగిన ఫ్యాను కూడా టక్కున ఆగిపోతుంది. ఆ నల్లటి తెరలో నా మొహం నాకే కనిపిస్తుంది. బటన్ నొక్కితే ఉలకరు, పలకరు. కాసేపటికి ఏమీ జరగనట్టు లేచి పాస్‌వర్డ్ అడుగుతారు. రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ మాత్రం తమరు కట్టరు, నా క్లయింటు కడతాడు. వాడి తిట్లు నేను తింటాను.

పోనీ, ఎందుకు వెళ్ళారో కనుక్కుందామని మీ లోపలే కాపురముండి జరిగినవన్నీ చిట్టా రాసే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌ని అడిగాను. ఎర్ర గుర్తు పెట్టి, కెర్నెల్-పవర్, ఈవెంట్ 41 అని చూపించాడు. అందులో ఉన్నదేమిటయ్యా అంటే, సిస్టమ్ సరిగ్గా షట్ డౌన్ కాకుండానే మళ్ళీ మొదలైందట. బిగుసుకుపోయి ఉండవచ్చు, క్రాష్ అయి ఉండవచ్చు, కరెంటు పోయి ఉండవచ్చట. అంటే, అల్లుడుగారు చెప్పకుండా వెళ్ళారు, ఎందుకో ఆయన్నే అడగండి అని. ఈ ముక్క నాకు తెలీకనా?

ఒంటినిండా థర్మామీటర్లతో పుట్టిన మనిషి తమరు. ఒక్కో కోర్‌కి ఒకటి, బ్యాటరీకి ఒకటి, ఎస్ఎస్‌డీకి ఒకటి. ఎక్కడ ఎన్ని డిగ్రీలుందో క్షణక్షణం తెలుసు. "మామగారూ, ఒళ్ళు కాలిపోతోంది, ఫైలు సేవ్ చేసుకోండి" అని పోయేముందు ఒక్క ముక్క తెర మీద వేస్తే మీ సొమ్మేం పోయింది? అప్‌డేట్ వచ్చిందని చెప్పడానికి మాత్రం అర్ధరాత్రి కూడా మొహమాటం లేదు.

కారణం చెప్పని అలకకి ఊరంతా కారణాలు చెబుతుంది. మా బావమరిది విండోస్ ఫార్మాట్ కొట్టమన్నాడు (వాడు జ్వరానికి కూడా అదే చెబుతాడు). మేడ మీద అద్దెకున్న కుర్రాడు ర్యామ్ పెంచమన్నాడు. మా ఆవిడ దిష్టి తగిలిందని ఉప్పు తిప్పింది. ఖర్చు లేని సలహా అదొక్కటే. ఎదురింటి పెద్దాయన కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తియ్యమన్నారు. అది మాత్రం చెయ్యనివ్వలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి బెజవాడ ఉక్కలో ఎలా చెమ్మ పడుతుందో, మీ మదర్‌బోర్డుకీ అలాగే పడుతుంది. సర్వీస్ సెంటర్‌వాళ్ళు తమ వెనక మూత కూడా తియ్యకుండా మదర్‌బోర్డు మార్చాలని తేల్చారు. ఆ డబ్బులకి ఇంకో అల్లుణ్ణే తెచ్చుకోవచ్చు.

మా అబ్బాయి కూలింగ్ ప్యాడ్ కొనిపెట్టాడు. కింద రెండు ఫ్యాన్లు, చుట్టూ నీలం లైట్లు. దానిమీద తమరు ఊరేగింపుకి సిద్ధమైనట్టే కూర్చున్నారు గానీ అలక తగ్గలేదు. తగ్గేదెలా? అది కొట్టేదీ గదిలో గాలే. గాలి లోపలికి వెళ్ళి బయటికి వచ్చే దారి బాగుంటే నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. దారే మూసుకుపోతే కింద లైట్లు వెలగడమే మిగులుతుంది.

చివరికి గుట్టు విప్పింది హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము. పక్కింటి పిన్నిగారిలాంటిది: తమరు ఎప్పుడు లేచారు, ఎంత వేడెక్కారు, ఎంత వేగంగా నడిచారు, అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. లాగింగ్ నొక్కితే ఫైల్లో వరసగా రాసి కూడా పెడుతుంది. ఈసారి తమరు వెళ్ళిపోయాక ఆ ఫైలు తెరిచి చివరి వరసలు చూశాను. ప్రాసెసర్ వేడి, డిగ్రీల్లో: 96, 98, 99, 100, 100. ఆ తర్వాత ఖాళీ. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడ తమ తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ అంకెల పక్క వరసలో వేగం కూడా ఉంది. 90 దాటినప్పటి నుంచి తమరు అడుగు నెమ్మది చేస్తూ వచ్చారు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి 100 డిగ్రీలే గీత. అక్కడికి చేరువైతే వేగం తగ్గించి వేడి దించుకోవాలని చూస్తాయి. దానికీ లొంగకపోతేనే కరెంటు కోసుకుంటాయి. ఆ కోత లేకపోతే ఏమవుతుందో 2001లోనే టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైటు చూపించింది. నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి వేడి లాగే హీట్‌సింక్‌ని ఊడబీకారు. ఇంటెల్‌వాళ్ళ పెంటియం 4 నత్తనడకన అయినా నడిచింది. ఏఎండీవాళ్ళ అథ్లాన్ పొగ వదిలి అక్కడికక్కడే మాడిపోయింది. కాబట్టి లేచి వెళ్ళిపోవడం తమ ప్రాణరక్షణ కోసమే, ఒప్పుకుంటున్నాను. అడుగు నెమ్మది చేస్తున్నానని కూడా చెప్పకపోవడమే నా బాధ. ఆ అరగంటా నేను జీఎస్టీ పోర్టల్ స్లోగా ఉందనుకుని, ఆ నిందంతా దానిమీద వేశాను.

గవర్నర్‌పేటలో ఒక రిపేరు కుర్రాడున్నాడు. వాడు అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది. "చార్జర్ పెట్టి ఉన్నప్పుడు కూడా పోతోందా సార్, బ్యాటరీ మీదేనా?" బ్యాటరీ మీద మాత్రమే పోతే బ్యాటరీని అనుమానించాలట. రెండిట్లోనూ పోతూ, వేడెక్కాకే పోతుంటే దారి వేరట. తర్వాత ఫ్యాను హోరెత్తించి, పక్కనున్న గాలి కంత దగ్గర టిష్యూ కాగితం ముక్క పట్టుకున్నాడు. అది కదల్లేదు.

"ఫ్యాను తిరుగుతోంది సార్, గాలే రావట్లేదు."

తమ వెనక మూత విప్పాడు. రెండు స్క్రూలు రబ్బరు కాళ్ళ కింద దాచుకున్నారు తమరు, అవీ దొరికాయి. ముందు బ్యాటరీ కనెక్టరు పీకాడు. ఫ్యాను మీది రేకు తియ్యగానే కనిపించింది. ఫ్యానుకీ, రాగి గొట్టం చివర ఉండే సన్నటి రేకుల వరసకీ మధ్య, అడ్డంగా, బూడిదరంగు పొర. ట్వీజర్‌తో పట్టి లాగితే చిరక్కుండా మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. చేతిలోకి తీసుకుని చూశాను. దుప్పట్ల నూలు, తలవెంట్రుకలు, సాంబ్రాణి పొగ మసి, అన్నీ కలిసి గట్టిపడ్డాయి. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఇది లోపలికే వెళ్తుంది గానీ బయటికి రాదు. అందుకే విప్పాలన్నాడు. రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని మిగిలిన దుమ్ము ఊదాడు. ప్రాసెసర్ వేడిని పైనున్న రాగికి అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి పొడిపొడిగా రాలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో కొత్త పేస్టు చుక్క పెట్టి బిగించాడు. పేస్టు ఎక్కువ పెడితే ఎక్కువ చల్లదనం అనుకునేవాళ్ళు ఉంటారట. వాళ్ళ గురించి వాడు చాలా చెప్పాడు, ఉత్తరంలో రాసేవి కావు.

ఇప్పుడు అదే రిటర్న్, అదే ఎక్సెల్, 70 డిగ్రీల దగ్గర నిలుస్తున్నారు. సంతోషం. కాబట్టి ఇకమీదట కాపురానికి కొన్ని షరతులు.

పరుపు బంద్. అలకపాన్పు మాట ఇక మన మధ్య రాకూడదు. మా అబ్బాయి రాత్రిళ్ళు తమని పరుపు మీద పెట్టుకుని సినిమాలు చూస్తాడు, తమరు దూదిలో కూరుకుపోతారు. అసలు తమని చేసినవాళ్ళని అనాలి. గాలి పీల్చే కంతలు పొట్ట కింద పెట్టి, ఆ పొట్టకీ బల్లకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు కూడా వదలకుండా, సన్నగా ఉన్నారు చూడండి అని అమ్మారు. వివరాల పట్టీలో 15 వాట్ల ప్రాసెసర్ అని ఉంటుంది. టర్బో, అంటే మామూలు కంటే ఎక్కువ వేగం, ఎక్కితే కాసేపు అంతకి రెండింతలు, మూడింతలు లాగుతుంది. ఆ వేడంతా పోవాల్సింది వేలెడంత కంతలోంచి! గదిలో 35 డిగ్రీల లోపు వాడాలని పుస్తకంలో రాస్తారు. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో శ్లాబు కింద గది 35కి ఎలా దిగుతుందో కూడా అందులోనే రాసి ఉంటే బాగుండేది. బయట గాలి పది డిగ్రీలు పెరిగితే లోపల తమరూ దాదాపు పది పెరుగుతారు.

ఎండాకాలం మధ్యాహ్నాలు తమ టర్బో కూడా బంద్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99 చేశాను. ఒక్క శాతమే గానీ దానితో టర్బో ఆగిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది. అంకెలు కూడుకునే పనికి తమరు పరుగెత్తనక్కర్లేదు. కొన్ని కొత్త మోడళ్ళు ఈ సెట్టింగును దాచేస్తున్నాయని విన్నాను. మీ తమ్ముళ్ళకి కూడా ఈ బుద్ధులు మీరే నేర్పుతున్నారేమో.

నిద్ర నటించడం ఆపాలి. మూత మూసి బ్యాగులో పెట్టి స్కూటర్ మీద క్లయింటు ఆఫీసుకి తీసుకెళ్తే, తీసేసరికి తమరు కాలిపోతుంటారు, బ్యాటరీ సగం ఖాళీ. స్లీప్ పేరుతో కళ్ళు మూసుకుని, బ్యాగులో దొంగచాటుగా ఇంటర్నెట్ పనులు చేసుకునే ఈ అలవాటు తమ తరానికే వచ్చింది. అందుకే ఇకనుంచి బయటికి వెళ్ళేటప్పుడు హైబర్నేట్ (చేస్తున్న పని డిస్కులో దాచుకుని పూర్తిగా ఆరిపోవడం), లేదంటే పూర్తి షట్ డౌన్. తమకిష్టమైన షట్ డౌనే, కాకపోతే నేను చెప్పినప్పుడు.

ఏటా వేసవికి ముందు ఒకసారి గవర్నర్‌పేట ప్రయాణం. ఖర్చు నాదే.

ఇట్లు,
తమ వాయిదాలు కడుతున్న మామగారు

తా.క.: తమ బ్యాటరీ ప్రస్తుతానికి బాగానే ఉందని కుర్రాడు చెప్పాడు. ఎప్పుడైనా టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా, బల్ల మీద పెడితే ఒక మూల ఊగినా అది అలక కింద లెక్క కాదు, బ్యాటరీ ఉబ్బినట్టు. ఆ రోజు చార్జర్ పీకేసి, ఒత్తకుండా, గుచ్చకుండా, తమని నేరుగా కుర్రాడి దగ్గరికే పంపిస్తాను. అది 20వ తేదీ సాయంత్రమైనా సరే.