తారీఖు దాటిపోయిన రోగిని ఎవరు వెతుకుతారు?

మా ఊళ్ళో ఒకామె ఇంట్లో గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతూ ఉండేది. అందులో స్కానింగ్ కాగితాలు, ఆరోగ్యశ్రీ పత్రాలు, వాటి మీద ఒక చీటీ. నాలుగో కీమోకు రావలసిన తారీఖు ఆ చీటీ మీద నీలి సిరాతో రాసి ఉంది. ఆమె వెళ్ళలేదు. మూడు కీమోలు పైసా ఖర్చు లేకుండా ఎక్కించారు, నాలుగోదీ ఉచితమే. కానీ అవి నాట్ల రోజులు. తోడు వెళ్ళవలసిన భర్త కూలికి పోకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఎందుకు రాలేదని ఆసుపత్రి నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఏడాది తిరగకుండానే ఆమె పోయింది.

క్యాన్సర్ ఆసుపత్రుల గురించి మాట్లాడేటప్పుడు మనం పడకలు లెక్కపెడతాం, యంత్రాల ఖరీదు చెప్పుకుంటాం. వైద్యం మొదలుపెట్టిన వందమందిలో చివరిదాకా వచ్చినవాళ్ళు ఎందరో ఏ శిలాఫలకం మీదా కనిపించదు. ఆసుపత్రి తన చుట్టూ ఉన్న జనానికి ఉపయోగపడుతోందా లేదా అన్నది తేల్చేది ఆ లెక్కే అని నేను గట్టిగా నమ్ముతాను.

దాన్నే పట్టుకుని పనిచేసిన ఆసుపత్రి ఒకటి అస్సాంలోని సిల్చర్‌లో ఉంది, పేరు కచార్ క్యాన్సర్ ఆసుపత్రి. చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో శస్త్రచికిత్స విభాగానికి అధిపతిగా ఉన్న డాక్టర్ రవి కన్నన్ 2007లో కుటుంబంతో సహా అక్కడికి వెళ్ళారు. వచ్చే రోగుల్లో ఎక్కువమంది తేయాకు తోటల కార్మికులు, రోజు కూలీలు. వైద్యం పూర్తి చేసేవాళ్ళు 28 శాతమే. అది 70 శాతానికి పెరిగింది. 2023లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఈ మార్పు తెచ్చింది కొత్త మందు కాదు. రోగితో పాటు వచ్చినవాళ్ళకు అన్నం పెట్టారు, ఉండడానికి చోటు ఇచ్చారు. కదలలేని రోగుల ఇళ్ళకు సిబ్బందే వెళ్ళి, నొప్పి తగ్గించే మందులు ఎలా ఇవ్వాలో ఇంటివాళ్ళకు నేర్పారు. అన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకొకటి: తోడుగా వచ్చిన మనిషికి ఆసుపత్రిలోనే ఏదో ఒక పని చూపించి కూలి ఇచ్చారు. రోగం కంటే ముందు కూలి పోతుందన్న భయమే మనిషిని వెనక్కి లాగుతోందని వాళ్ళు కనిపెట్టారు. నాట్ల కాలంలో మా ఊరి ఆమె భర్తకు అలాంటి పని దొరికి ఉంటే ఆ చీటీ మీది తారీఖు దాటిపోయేది కాదు.

మనకు ఆసుపత్రులు లేక కాదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది, బసవతారకం ఆసుపత్రి 2000లో వచ్చింది, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చును తలకెత్తుకుంది. అయితే జనం కరెంటు పెట్టించుకోవడం అనే రేడియేషన్‌కు చాలా సందర్భాల్లో వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు వెళ్ళాలి. మూడు వందల కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్ళు అన్నాళ్ళు నగరంలో ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? ఆడవాళ్ళకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో వచ్చింది. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లతో తిరిగే స్త్రీలకు ఇది పెద్ద ఊరట. పక్కన కూర్చున్న భర్త మాత్రం టికెట్టు కొనాలి, ఆనాటి కూలీ వదులుకోవాలి.

ఈ దూరాన్ని తగ్గించే మాట కేంద్రం 2025-26 బడ్జెట్‌లో చెప్పింది: మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు (పగలు వైద్యం చేయించుకుని అదే రోజు ఇంటికి వెళ్ళిపోయేవి), తొలి ఏడాదే 200. మంచి నిర్ణయం. కీమో కోసం నగరానికి పరుగెత్తే పని చాలామందికి తప్పుతుంది, కరెంటుకు మాత్రం తప్పదు. కాబట్టి పెద్ద ఆసుపత్రుల పక్కన వసతి ఉండాలి, తోడు వచ్చినవాళ్ళకు రోజు భత్యం ఇవ్వాలి. జిల్లాల్లో పెట్టే ప్రతి డే కేర్ కేంద్రంలోనూ, తారీఖు దాటిన మర్నాడే రాని రోగి ఇంటికి ఫోను చేయడమే పనిగా ఒక ఉద్యోగి ఉండాలి. పేదల ఇళ్ళలో ఫోను నంబర్లు తరచూ మారిపోతాయి కనుక మొదటి రోజే ఫైలు మీద ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు కూడా రాసుకోవాలి.